మాట పెరిగే చోటు

(రేచెల్ కార్సన్ స్మారకోపన్యాసం)

 వెనక వరుసల్లో పిల్లలు మాట్లాడుకుంటున్నారని ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. ఈ సాయంత్రం సభ పెట్టుకున్నదే వాళ్ల మాటల కోసం.

రేచెల్ కార్సన్ పేరు చెప్పగానే అందరికీ 1962లో వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గుర్తొస్తుంది. పురుగులను చంపడానికి చల్లిన డీడీటీ పురుగులతో ఆగదని, నీళ్లలోకి, చేపల్లోకి, పక్షుల్లోకి, చివరికి మనుషుల ఒంట్లోకి చేరుతుందని ఆ పుస్తకం చూపించింది. రసాయన కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. ఆ దాడి జరుగుతున్నప్పుడే ఆమె రొమ్ము క్యాన్సర్‌తో పోరాడుతోంది. 1963లో అధ్యక్షుడు కెనడీకి సలహాలిచ్చే శాస్త్ర సంఘం ఆమె వాదనను బలపరిచింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న, 56 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. అమెరికాలో డీడీటీని నిషేధించింది 1972లో. అది చూడటానికి ఆమె లేదు.

‘సైలెంట్ స్ప్రింగ్’కు ఆరేళ్ల ముందు ఆమె రాసిన ఒక చిన్న వ్యాసం మన దగ్గర చాలామందికి తెలియదు. అక్క కూతురి కొడుకు రోజర్‌ను మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో తిప్పిన రోజుల గురించి 1956లో ఒక మహిళా పత్రికకు రాసింది. తల్లి చనిపోయాక ఆ పిల్లాణ్ని ఆమే పెంచుకుంది. ఏడాదిన్నర వయసులోనే వాడు రాళ్ల మధ్య కనిపించే జీవాలకు పేర్లు పెట్టి పిలిచేవాడు. పెరివింకిల్ అనే చిన్న నత్తగుల్ల వాడి నోట ‘వింకీ’ అయింది. తాను నేర్పాలని కూర్చున్నది లేదని, ఆ పేర్లు వాడికెలా పట్టుబడ్డాయో తనకే తెలియదని ఆమె చెప్పుకుంది. జరిగింది మాత్రం తేటగానే ఉంది. ఇద్దరూ ఒకే రాయి మీదికి వంగారు, ఒకే ప్రాణిని చూశారు. పెద్దామె దాన్ని పేరు పెట్టి పిలిచింది, చిన్నవాడు అందుకున్నాడు. స్పీచ్ థెరపీ పాఠ్యపుస్తకాలు పేజీలకు పేజీలు వివరించే విషయం ఇదే.

వీడియో కాల్‌లో జరిగే స్పీచ్ థెరపీకి ఉన్న అసలు బలం, పిల్లాడి చుట్టూ ఉన్న ఇల్లు థెరపిస్టుకు కనబడటమే. క్లినిక్‌లో ఆ వీలు లేదు. దాన్ని వాడుకోవాలంటే థెరపిస్టు కొంతవరకు పర్యావరణ శాస్త్రవేత్తలా పనిచేయాలి. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఇదే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

1. బకెట్టు, నది

మనకు బాగా దగ్గరి కథతో మొదలుపెడదాం. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగిసిపోవడం గురించి 1937లో నెల్లూరు జిల్లా నుంచి ఒక వైద్య నివేదిక వెలువడింది. దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. నల్లగొండ జిల్లా పరిస్థితి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కెక్కింది. వంగిన నడుములు, తిరగని మెడలు, పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. మందులిచ్చినా, ఆపరేషన్లు చేసినా రోగి ఇంటికెళ్లి తాగేది మళ్లీ ఆ బోరు నీళ్లే.

తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు ఒక చవకైన ఉపాయం కనిపెట్టారు. బకెట్టు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలిచి వేసి, బాగా కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైనీళ్లు వాడుకోవాలి. ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుతో అది ప్రపంచమంతటా పుస్తకాలకెక్కింది. ఉపాయం మంచిదే. కానీ పొద్దున్నే కూలికి వెళ్లే ఇల్లాలు రోజూ పటిక తూచి, నీళ్లు కలియబెట్టి, మడ్డి దిగేదాకా కాచుకుని కూర్చోవాలి. పటిక మోతాదు తప్పితే నీళ్ల రుచి మారుతుంది. మడ్డి పారబోసే చోటు వెతుక్కోవాలి. ఆ ఊళ్లలో చిన్నపిల్లల పళ్లు, ఎముకలు తెరిపిన పడింది నది నీళ్లు పైపుల్లో వచ్చాక. కృష్ణా నీటి పథకాలు, తర్వాత మిషన్ భగీరథ కుళాయిలు చేసింది అదే. తాగే నీళ్లు మారాయి.

బకెట్టును ఎవరూ చులకన చేయొద్దు. నది వచ్చేదాకా ఆ పిల్లలకు ఆ పూట దాహం తీరాలి కదా. థెరపీ సెషన్ కూడా అలాంటి బకెట్టే. చాలామంది పిల్లలకు వారానికి రెండు అరగంటలు దొరుకుతాయి. నాలుగేళ్ల పిల్ల రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటుందనుకుంటే వారానికి 84 గంటలు. అందులో ఒక గంట థెరపిస్టుది, 83 గంటలు ఇంటివి, వీధివి, అంగన్‌వాడీవి. ఆ 83 గంటల్లో పిల్ల చెవిన పడే మాటలు, పిల్ల నోటి మాటకు దొరికే జవాబులు, వాటి మధ్య చప్పుడు మారకపోతే, ఆ ఒక్క గంట ఎంత గొప్పగా నడిచినా పిల్ల తిరిగి తాగేది పాత నీళ్లే. మనిషి ఎదుగుదలను ఇల్లు, బడి, ఊరు అనే పొరల మధ్య పెట్టి చూడాలని యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో ఒక పుస్తకమే రాశాడు. పాఠ్యప్రణాళికల్లో ఆయన పేరుంది. సెషన్ నోట్సులో మాత్రం ఆ పొరలు అరుదుగా కనబడతాయి.

2. ఒక్క సీసా నీళ్లు

నది నీటిని పరీక్షించేవాళ్లకు మొదటి రోజునే నేర్పే పాఠం ఒకటుంది. ఒక చోట, ఒక క్షణంలో ముంచిన సీసా ఆ క్షణం సంగతే చెబుతుంది. పొద్దున పది గంటలకు శుభ్రంగా కనిపించిన కాలువలోకి రాత్రి రెండింటికి ఫ్యాక్టరీ నీళ్లు వదలొచ్చు. అందుకే 24 గంటల్లో కొంచెం కొంచెంగా తీసిన నీళ్లను కలిపి పరీక్షిస్తారు.

తెర ముందు అరగంట కూర్చున్న పిల్లాడి మాట అలాంటి ఒక్క సీసా నీళ్లు. కొందరు పిల్లలు కొత్త ముఖం చూడగానే నోరు కుట్టేసుకుంటారు, అమ్మమ్మతో ఫోన్‌లో గలగలా మాట్లాడతారు. కొందరు బొమ్మల కార్డుల్లో అన్నీ చక్కగా చెబుతారు, అన్నతో బంతి కోసం కొట్లాడేటప్పుడు ఒక్క మాటా సరిగా పలకలేరు. నత్తి సంగతైతే మరీను. ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు, పరీక్ష చేసే రోజున మాయమవుతుంది. “మీ ముందు బాగానే మాట్లాడుతున్నాడు మేడమ్, ఇంట్లో ఇలా ఉండదు” అని తల్లి అనడం ఇక్కడున్న ప్రతి థెరపిస్టూ విన్నదే. ఆ తల్లి అడుగుతున్నది ఇంకో సీసా ముంచమని.

ఒక పిల్లాడి రోజు ఎలా ఉంటుందో పూర్తిగా రాసిపెట్టాలని ఒకప్పుడు ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అనుకున్నారు. రోజర్ బార్కర్, హెర్బర్ట్ రైట్ కాన్సాస్ రాష్ట్రంలోని ఓస్కలూసా అనే చిన్న ఊళ్లో 1947లో ఒక క్షేత్ర కేంద్రం పెట్టారు. 1949 ఏప్రిల్ 26న పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఏడేళ్ల పిల్లాడొకడిని ఎనిమిది మంది వంతులవారీగా వెంటాడి, వాడు చేసినదీ అన్నదీ నిమిషం నిమిషం రాసుకున్నారు. 1951లో అది పుస్తకంగా వచ్చింది. పక్షుల్ని, చేపల్ని చూసేవాళ్లు ఏళ్లుగా చేస్తున్న పని అది. మనిషి పిల్ల కోసం అలా కూర్చున్నవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు ఆ పనికి ఎనిమిది మంది పరిశీలకులు అక్కర్లేదు. స్నానం చేయిస్తున్నప్పుడు రెండు నిమిషాలు, అన్నం తింటున్నప్పుడు రెండు నిమిషాలు, పక్కింటి పిల్లలతో ఆడుతున్నప్పుడు రెండు నిమిషాలు, పడుకోబోయే ముందు రెండు నిమిషాలు తల్లో తండ్రో ఫోన్లో రికార్డు చేసి పంపితే చాలు. థెరపీ మొదలుపెట్టకముందే వారం పాటు ఇలా పోగుచేయాలి. ముందు కొలత లేకపోతే, మూడు నెలల తర్వాత కనిపించే మార్పు థెరపీ వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా అనే ప్రశ్నకు జవాబు ఉండదు.

3. చప్పుడు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

న్యూయార్క్‌లో మన్‌హట్టన్ ఉత్తరపు కొసన పి.ఎస్. 98 అనే బడి ఉంది. బడి పక్క నుంచే, ఎత్తు మీద వేసిన పట్టాల మీద రైళ్లు పోతాయి. 1970లలో దాదాపు నాలుగున్నర నిమిషాలకొక రైలు. అది వచ్చినప్పుడల్లా టీచరు గొంతు ఆపాలి, లేదా అరవాలి. ఆ బడిలో చదివే పిల్లాడి తల్లి ఒకామె కాలేజీలో ఆర్లీన్ బ్రాన్జాఫ్ట్ అనే పర్యావరణ మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర చదువుకునేది. ఆమె వచ్చి గోడు వెళ్లబోసుకుంది. బ్రాన్జాఫ్ట్ చేసిన పని ఎంత తేలికో అంత తెలివైనది. బడి ఒకటే, పిల్లలు ఒకే పేటవాళ్లు. కొన్ని తరగతులు పట్టాల వైపు, కొన్ని అవతలి వైపు. రెండు వైపుల పిల్లల చదవడం మార్కులు పక్కపక్కన పెట్టింది. 1975లో ఆ ఫలితం అచ్చయింది. ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారు.

ఆమె అక్కడితో ఆగి ఉంటే ఇంకో పరిశోధన పత్రంగా మిగిలేది. కానీ ఆమె రైల్వే అధికారుల వెంటా, విద్యాశాఖ వెంటా పడింది. పట్టాల కింద రబ్బరు దిమ్మలు వచ్చాయి, తరగతి గదుల కప్పుకు చప్పుడు పీల్చే పలకలు వచ్చాయి. మళ్లీ కొలిచింది. 1981లో అచ్చయిన రెండో ఫలితంలో రెండు వైపుల పిల్లలూ సమానం.

జర్మనీలోని మ్యూనిక్‌లో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున కనబడింది. 1992లో పాత విమానాశ్రయం మూసి ఊరి అవతల కొత్తది తెరిచారు. రెండు చోట్లా పిల్లల్ని ముందూ వెనకా పరీక్షించారు. పాత విమానాశ్రయం పక్కనున్న పిల్లల జ్ఞాపకశక్తి, చదవడం మెరుగుపడ్డాయి. కొత్త విమానాశ్రయం పక్కనున్న పిల్లలవి దెబ్బతిన్నాయి. 2002లో ఇది అచ్చయింది.

చప్పుడు చేసే హాని ఎక్కువగా చెవికి తెలియదు. గట్టిగా వినబడుతున్నా మాటలో ఒక అక్షరానికీ మరో అక్షరానికీ తేడా పోతుంది. పెద్దవాళ్లు ఆ ఖాళీని అనుభవంతో పూడ్చుకుంటారు, సగం విని మిగతా సగం ఊహిస్తారు. భాష ఇంకా నేర్చుకుంటున్న పిల్లకు ఊహించడానికి సరుకు లేదు. అందుకే తరగతి గదుల గురించి అమెరికాలో 2002లో వచ్చిన ప్రమాణం, ఖాళీ గదిలో చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదంటుంది. పిల్ల వినే మాట చుట్టుపక్కల చప్పుడు కన్నా 15 డెసిబెల్స్ పైన ఉండాలని నిపుణుల మాట.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మిర్యాలగూడలోనో తణుకులోనో ఒక మామూలు ఇల్లు, సాయంత్రం ఆరు గంటలు అనుకోండి. మంచం మీద స్టీలు డబ్బాకు ఆనించిన ఫోను. పైన ఫ్యాను నాలుగులో తిరుగుతోంది. ముందుగదిలో నానమ్మ చూసే సీరియల్. వంటింట్లో కుక్కర్, వీధిలో బోరు మోటారు. నాలుగేళ్ల పాప ‘కాకి’ని ‘తాతి’ అంటుంది. నాలుక వెనక భాగంతో పలకాల్సింది ముందు భాగంతో పలుకుతోంది. చిన్నపిల్లల్లో తరచూ కనిపించే తీరే. థెరపిస్టు “క... కాకి” అంటుంది. ‘క’లో అసలు గుర్తు క్షణకాలం చిన్నగా పేలే గాలి శబ్దం. మీటరు దూరంలో ఉన్న ఫోను స్పీకరు నుంచి ఫ్యాను గాలిలో కలిసి పాపకు చేరేసరికి మిగిలింది ‘ఆ’ మాత్రమే. పాప మళ్లీ ‘తాతి’ అంటుంది. నోట్సులో “సహకరించడం లేదు” అని పడుతుంది. తప్పు పాపదేనా?

ఫోను వైపు నుంచీ ఒక చిక్కుంది. పాత తరహా ఫోన్ కాల్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. ‘స’ అనే అక్షరానికి ప్రాణం చాలావరకు 4,000 హెర్ట్జ్‌కు పైన, ఆడవాళ్ల, పిల్లల గొంతుల్లో ఇంకా పైన ఉంటుంది. వీడియో కాల్ యాప్‌లు అంతకన్నా మెరుగే. కానీ వాటిలో చప్పుడు తగ్గించే ఏర్పాటు ఒకటుంటుంది. ఎడతెగకుండా వచ్చే ‘ఉస్స్’ మనే శబ్దాన్ని అది ఫ్యాను గాలి అనుకుని కోసేయొచ్చు. ‘స’ అంటేనే ఆ ‘ఉస్స్’ కదా! బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు వాడితే శబ్దం ఇంకా కుదించుకుపోతుంది. అవతల కూర్చున్న థెరపిస్టు పాప ‘స’ను తప్పు పలికిందో, ఫోను మింగేసిందో చెప్పలేదు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. సెషన్ వేళ ముందుగదిలో టీవీ ఆపమని పెద్దావిడను మర్యాదగా అడగాలి. ఫ్యాను ఒకటికి తగ్గించాలి. గోడకు దుప్పటి వేలాడదీసినా ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోను మీటరు దూరం నుంచి అర మీటరుకు తెస్తే మాట ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ వాడాలి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే మీట నొక్కితే చప్పుడు తగ్గించే ఏర్పాటు పక్కకు తప్పుకుంటుంది. ‘స’, ‘శ’ లాంటి అక్షరాల మీద తీర్పు చెప్పే ముందు పాప మాటను ఫోన్లోనే రికార్డు చేయించి ఆ ఫైలు తెప్పించుకుని వినాలి. ఇక్కడున్న విద్యార్థులకు ఒక మనవి: మొదటి సెషన్‌లో బొమ్మల కార్డు తీయకముందు, తల్లిని ఫోను పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగమనండి. ఏ గది ప్రశాంతంగా ఉందో చెవులతో వినండి.

4. బదులు

2003లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ శబ్దాలు వినిపించింది. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని 12 సార్లు ఆడించింది, మాట్లాడింది. కొందరికి అవే మాటలు వీడియోలో, కొందరికి ఆడియోలో. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టారు. తెర చూసిన పిల్లలు, ఆడియో విన్న పిల్లలు ఏమీ విననివాళ్లతో సమానంగా మిగిలారు.

ఇంతవరకే చదివి చాలామంది ఆన్‌లైన్ థెరపీ వల్ల లాభం లేదని తేల్చేస్తారు. 2014లో రోజ్‌బెర్రీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ అనే ముగ్గురు చేసిన పని కూడా చూడాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పారు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నంతగా వీడియో కాల్‌లోని మనిషి దగ్గరా నేర్చుకున్నారు. ఆ మనిషిదే ముందుగా తీసిన వీడియో పెడితే నేర్చుకోలేదు. పిల్ల చూపుకు, పిల్ల మాటకు అప్పటికప్పుడు బదులిచ్చే మనిషి తెరకవతల ఉంటే తెర అడ్డం కాలేదు.

పర్యావరణ శాస్త్రం కూడా ఈ దారినే నడిచింది. మొదట్లో చెట్లెన్ని, జింకలెన్ని అని లెక్కలు. తర్వాత ఏది ఏ ప్రాణికి ఆహారం, ఒకటి తగ్గితే ఇంకోటి ఏమవుతుంది అనే సంబంధాలు. పిల్లల భాషలో 1995లో హార్ట్, రిస్లీ ఇళ్లలో పలికే మాటల్ని లెక్కపెట్టారు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. 2018లో రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మీద చేసిన పనిలో తేలింది వేరు. మాటల మొత్తం కన్నా పిల్లకూ పెద్దకూ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ మారిందన్నదే మెదడులోని భాషా ప్రాంతపు చురుకుతో ముడిపడి ఉంది.

సంభాషణలో ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలవడానికి పట్టే సమయం, ప్రపంచంలోని పది భాషల్లో చూస్తే, సగటున సెకనులో అయిదో వంతు. నెట్‌వర్కు బాగాలేని ఊళ్లో వీడియో కాల్ ఆలస్యం అంతకన్నా ఎక్కువ. పాప ‘బూ’ అంటుంది, థెరపిస్టు నవ్వు వచ్చేసరికి పాప చూపు కిటికీ మీదికి వెళ్లిపోయింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే యాప్ ఒక గొంతును నొక్కేస్తుంది కాబట్టి కలిసి పాట పాడటం కూడా కుదరదు.

అందుకే ఆన్‌లైన్‌లో బదులిచ్చే పని తల్లిదో, తాతదో కావాలి. పాపకు వాళ్లు చేయి దూరంలో ఉన్నారు, అక్కడ ఆలస్యం సున్నా. థెరపిస్టు తల్లి చెవిలో చెబుతుంది, తల్లి పాపతో మాట్లాడుతుంది. ఇది ఊహ కాదు. చిన్నపిల్లల నత్తికి ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోంబ్ పద్ధతి మొదటి నుంచీ తల్లిదండ్రుల చేతుల మీదుగానే నడుస్తుంది. రోజూ పిల్ల నత్తి ఎంత ఉందో తల్లే ఒక అంకె వేస్తుంది. 2016లో 49 మంది పిల్లల మీద అచ్చయిన పరీక్షలో, క్లినిక్‌కు వచ్చినవాళ్లకూ వెబ్‌క్యామ్‌లో చేసినవాళ్లకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

తల్లికి నేర్పాల్సింది రెండు మూడు అలవాట్లే. మన ఇళ్లలో పిల్లకు మాట వచ్చిందనగానే “ఇదేంటి? చెప్పు! అంకుల్‌కి చెప్పు!” అని మౌఖిక పరీక్ష మొదలవుతుంది. దాని బదులు పిల్ల చూస్తున్నదాన్ని చూసి పేరు చెప్పి, మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగాలి. చప్పున మాట అందించకుండా ఆగడం చాలామంది పెద్దలకు కష్టం. అక్షరాలు పలికించడానికి ఇగ్లూ బొమ్మ కార్డు అవసరం లేదు. ‘క’ కావాలంటే కంచం, కోడి, కుంకుడుకాయ ఉన్నాయి. ‘ళ’ కావాలంటే తాళం, పళ్లెం ఇంట్లోనే ఉన్నాయి.

ఇంటి భాష కూడా ఇంటి వాతావరణంలో భాగమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లకు మాటలు ఆలస్యమైతే, “ఇంట్లో తెలుగు ఆపేయండి, ఇంగ్లీషొకటే మాట్లాడండి” అనే సలహా ఇప్పటికీ వినబడుతోంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని పరిశోధనలు ఏనాడో చెప్పాయి. ఆ సలహా పాటిస్తే అమ్మమ్మ, తాతయ్య ఒక్కసారిగా పిల్ల సంభాషణలోంచి బయటపడతారు. తెలుగు తెలిసిన థెరపిస్టు హైదరాబాద్‌లో దొరుకుతుందని అక్కడివాళ్లు ఆశపడటం న్యాయమే. కానీ అమెరికాలో థెరపిస్టుకు పిల్ల ఉన్న రాష్ట్రం లైసెన్సు ఉండాలి. మన దేశంలోనైతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు.

5. ఎగువకు

1990లలో మన దేశంలో రాబందులు కూలిపోవడం మొదలైంది. మొదట ఏదో అంటురోగం అనుకున్నారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం అసలు కారణం పట్టుకుంది. పశువులకు నొప్పులు తగ్గడానికిచ్చే డైక్లోఫెనాక్, చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండాలను చంపుతోంది. 2006లో మన దేశం పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. జబ్బు కనిపించింది ఆకాశంలో, కారణం ఉన్నది కొట్టంలో.

మాటలు రాని పిల్ల విషయంలో ఎగువన ముందుగా చూడాల్సింది చెవి. వస అరగదీసి నాకించడం, “వాళ్ల నాన్నకూ మూడేళ్లు నిండాకే మాటలొచ్చాయి” అని ఆగడం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. ప్రేమతోనే అంటారు, కాలం మాత్రం తిరిగి రాదు. వినికిడి పరీక్ష ఫోను మీద సరిగా జరగదు. ఆ పరీక్ష రిపోర్టు చూడకుండా ఏ థెరపిస్టూ ఆన్‌లైన్ సెషన్లు మొదలుపెట్టకూడదు. చెవిలో నీరు చేరి వినికిడి వచ్చిపోతూ ఉండే పిల్లలు కూడా “మొండి” అనే పేరుతో తిరుగుతుంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వినికిడి లోపాన్ని, భాష ఆలస్యాన్ని తన జాబితాలో పెట్టింది. అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చినప్పుడు అడిగి చూపించుకోవాలి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్కు, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి థెరపీకి ఆదిలాబాద్ నుంచి, పాడేరు నుంచి బస్సులెక్కే కుటుంబాలకు ఆన్‌లైన్ నిజంగా మేలు చేస్తుంది.

6. చల్లిన మందు ఎక్కడికి పాకుతుంది

కార్సన్ పుస్తకంలోని క్లియర్ లేక్ కథతో ఒక హెచ్చరిక. కాలిఫోర్నియాలోని ఆ సరస్సులో చిన్న దోమల్లాంటి పురుగుల్ని చంపడానికి 1949లో డీడీడీ అనే పురుగుమందు చల్లారు. ఏడు కోట్ల పాళ్ల నీళ్లకు ఒక పాలు. ఇంతేనా అనిపిస్తుంది. 1954లో, 1957లో మళ్లీ చల్లారు. గ్రీబ్ అనే నీటిపక్షులు చచ్చిపోసాగాయి. వాటి కొవ్వులో పదిలక్షలకు 1,600 పాళ్ల విషం కనబడింది. వెయ్యి జంటలున్న చోట ముప్పయి మిగిలాయి. మందు గురి పురుగు మీద, అది చేరింది మాత్రం పక్షి కొవ్వులోకి.

ఆన్‌లైన్ థెరపీ కూడా గురి తప్పి పాకే దారులు మూడున్నాయి. సెషన్ ముగిశాక ఫోను పిల్ల చేతిలోనే ఉండిపోతుంది. “మంచిగా కూర్చున్నావు, ఒక వీడియో చూసుకో” అని బహుమానం ఇస్తారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అరగంట థెరపీ రెండు గంటల కార్టూన్‌కు తలుపు తీస్తే ఆ పిల్లకు సంభాషణ తగ్గింది. బహుమానం బంతాట అయితే బదులు మాటలు పెరుగుతాయి.

రెండోది, పిల్ల గొంతు. రికార్డింగులు యాప్ కంపెనీ సర్వర్లలో పోగవుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల రుజువైన అనుమతి కావాలంటుంది, పిల్లల్ని వెంటాడే పనిని, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలను నిషేధిస్తుంది. సంతకం చేసే ముందు రికార్డింగు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో రాయించుకోవడం తల్లిదండ్రుల హక్కు.

మూడోది అన్నింటికన్నా లోతైన గాయం చేస్తుంది. ఇంటి వాతావరణం అనగానే నింద తల్లి మీద పడుతుంది. గత శతాబ్దం మధ్యలో ఆటిజానికి తల్లి ప్రేమ లేకపోవడమే కారణమని పెద్ద పెద్ద వైద్యులు అన్నారు. ఒక తరం తల్లులు ఆ మాట మోశారు. అది పూర్తిగా తప్పని తేలింది. బ్రాన్జాఫ్ట్ బడిలో పిల్లలు వెనకబడ్డది తల్లుల వల్ల కాదు, పట్టాల వల్ల. కూలికెళ్లి వచ్చి, వంట చేసి, ఫోను డబ్బాకు ఆనించి కూర్చున్న తల్లికి ఇంకో పది పనులు అంటగట్టే థెరపీ నిలబడదు. ఆమె ఎలాగూ చేసే పనుల్లోనే, స్నానంలో, అన్నంలో, నీళ్ల బిందె దగ్గర, మాటకు చోటు వెతకాలి. తండ్రి, నానమ్మ, అక్క అందరికీ వంతు ఉండాలి.

ఇక్కడే డబ్బుల మాట కూడా రావాలి. ఇవాళ చాలా చోట్ల ఆన్‌లైన్ సెషన్‌కు ఫీజు లెక్కేసేది పిల్ల తెర ముందు కూర్చున్న నిమిషాలకు. పంపిన రికార్డింగులు వినడానికి, నానమ్మతో మాట్లాడటానికి, గదిలో చప్పుడు సరిచేయడానికి, తల్లికి నేర్పడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిది తగ్గిపోతుంది. థెరపిస్టుల సంఘాలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కేంద్రాలు ఆ సమయాన్ని థెరపీగానే రాసి, థెరపీగానే చెల్లించాలి. ఈ సభలో ఆ ఫీజులు నిర్ణయించే చోట కూర్చునేవాళ్లు నలుగురైనా ఉన్నారు. వచ్చే నెల ధరల పట్టికలో ‘తల్లిదండ్రులకు శిక్షణ’ అనే వరుస ఒకటి చేర్చమని వారిని అడుగుతూ, సెలవు.